బావినీటిలోని కన్నులేని పురుగు: దాని యవయవములు, దానిని గుర్తించు విధము

వానకాలము దాటి బావులు తేరుకొనిన పిమ్మట, తోడిన నీటిని తెల్లని పళ్ళెములో పోసి నిదానించి చూచినచో, అందులో కదలాడు చిన్న ప్రాణి యేదో యొకటి కనబడుట మన రైతులందఱకు అనుభవములోని సంగతియే. బడంగ్‌పేట, నాదర్‌గుల్, బాలాపూరు ప్రాంతముల వ్యవసాయకులు గాని, మఱి యే యూరి వారు గాని, అట్టి ప్రాణిని చూచినపుడు మూడు ప్రశ్నలు వేయుదురు. ఇది యేమి పురుగు? ఈ నీరు త్రాగవచ్చునా? బావిలో మందు వేయవలెనా?

ఈ ప్రశ్నలకు తొందరపడి జవాబు చెప్పినచో రెండు విధముల నష్టము కలుగును. హాని చేయు ప్రాణిని మంచిదని వదలినచో రోగము వచ్చును. హాని చేయని ప్రాణిని చూచి బెదరి, ఇంటిలో మిగిలియున్న పైరుమందును బావిలో పోసినచో, పురుగు మాట యటుండగా, ఆ నీరు త్రాగు మనుష్యులకును పశువులకును ప్రాణాపాయము. కావున పురుగును చంపుటకు ముందు దాని పేరు తెలిసికొనుట రైతునకు లాభము. ఈ మాసము మేము అట్టి ప్రాణులలో నొకదానిని, నేల క్రింది నీటిలో వసించు కన్నులేని చిన్న రొయ్యజాతి పురుగును గూర్చి మా చదువరులకు విన్నవింపదలచితిమి.

నారికురుపు నేర్పిన పాఠము

నీటిలోని పురుగును గుర్తించుట వలన కలుగు ఫలమేమో మన పెద్దలకు తెలియును. నారికురుపు అను వ్యాధి మన దిగుడుబావుల నాశ్రయించి చిరకాలము ప్రజలను బాధించినది. మూరెడు మొదలు రెండు మూరల పొడవు గల దారమువంటి పురుగు రోగి కాలినుండి వెలువడును. ఆ కాలితో రోగి బావిలోనికి దిగినపుడు పురుగు పిల్లలు నీటిలో పడును. ఆ పిల్లలను సైక్లాప్సు అను మిక్కిలి చిన్న నీటిప్రాణి మ్రింగును. ఆ ప్రాణి గల నీటిని త్రాగిన మనుష్యుని దేహములో పురుగు ఇంచుమించు ఒక సంవత్సరము పెరిగి మరల కాలినుండి వెలువడును.

ఈ వ్యాధికి టీకా లేదు. పురుగును చంపు మందును లేదు. అయినను మన దేశము దీనిని జయించినది. ఎట్లు? సైక్లాప్సును గుర్తించి, నీటిని గుడ్డతో వడకట్టి, దిగుడుబావులను చేదబావులుగ మార్చి, రోగులను నీటిలో దిగనీయక కాపాడుటచే. భారతదేశమున కడపటి రోగి 1996 జూలైలో రాజస్థానమున కనబడెను. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశమున ఈ వ్యాధి లేదని ధ్రువపఱచెను. శత్రు వెవరో యెఱిగినందున కదా ఈ జయము కలిగినది! శత్రువును గుర్తించుట ఎంత యవసరమో, శత్రువు కానివానిని గుర్తించుటయు అంత యవసరము.

ఉభయపాదు లనగా నేవి?

రొయ్యలు, పీతలు, సైక్లాప్సు మొదలగునవి యన్నియు ఒక మహాకుటుంబములోనివి. వీని దేహము పెంకువంటి కవచముతో కప్పబడి, అతుకులు గల కాళ్ళతో నుండును. ఇందులో ఒక తెగకు ఆంఫిపోడా యని పేరు. 1816లో లాత్రెయ్ అను ఫ్రెంచి పండితుడు ఈ పేరు పెట్టెను. గ్రీకు భాషలో దీనికి రెండు వైపుల పాదములు గలది యని యర్థము. వీని కాళ్ళు కొన్ని ముందునకును కొన్ని వెనుకకును తిరిగియుండుటచే ఈ పేరు వచ్చినది. మనము వీనిని ఉభయపాదు లందము. ప్రపంచమున వీనిలో 10,000 జాతులకు పైగ కనుగొనబడినవి. వీనిలో మిక్కిలి భాగము సముద్రమున నుండును. సముద్రతీరమున కుళ్ళిన నాచును కాలితో కదపినపుడు చివుక్కున ఎగిరిపడు ఇసుకపురుగులు ఈ తెగలోనివే. మంచినీటిలో కొన్ని, నేల క్రింది నీటిలో మఱికొన్ని కలవు.

దేహ నిర్మాణము

ఉభయపాదిని భూతద్దము క్రింద పెట్టినచో మొదట కనబడునది దాని యాకారము. పీత పైనుండి అణగద్రొక్కినట్లు పలుచగ నుండును. ఉభయపాది అట్లు గాక, రెండు అరచేతుల నడుమ ప్రక్కలనుండి నొక్కినట్లుండును. కావుననే పళ్ళెములో నిలువలేక ప్రక్కకు ఒరిగి ప్రాకును. వీపు విల్లువలె వంగియుండును. రొయ్యకు తలను రొమ్మును కలిపి కప్పు పెద్ద పెంకు కలదు, దీనికి లేదు. రొయ్య కన్నులు కాడలపై నిలిచియుండును. ఉభయపాదికి కన్నులున్నచో అవి తలకే అంటియుండును.

తలకు వెనుక రొమ్ముభాగము ఏడు కణుపులు, దానికి వెనుక పొట్టభాగము ఆరు కణుపులు, చివర చిన్న తోకపలక. ఈ లెక్కను చదువరులు జ్ఞాపకముంచుకొనవలెను. గుర్తించుటకు ఇదియే తాళపుచెవి.

తలకు రెండు జతల మీసములు కలవు. చీకటిలో దారి తెలిసికొనుటకును ఆహారము వెదకుటకును ఇవియే సాధనములు. నోటియందు కొఱుకు దవడలు, వాని వెనుక ఆహారమును త్రోయు చిన్న అవయవములు కలవు.

రొమ్ముభాగమున ఏడు జతల కాళ్ళు. మొదటి రెండు జతలు పట్టుకాళ్ళు. వీని కొన మడతకత్తివలె వెనుకకు మడచుకొని ఆహారమును గట్టిగ పట్టుకొనును. తరువాతి రెండు జతల గోళ్ళు ఒక దిక్కునకును, కడపటి మూడు జతలవి ఎదురు దిక్కునకును తిరిగియుండును. ప్రతి కాలి మొదట తొడకు డాలువంటి పలక యొకటి యుండును. కాళ్ళ మొదళ్ళలో సంచులవంటి మొప్పలు వ్రేలాడును. ఊపిరి పీల్చుట వీనితోనే.

పొట్టభాగమున మొదటి మూడు కణుపులకు మూడు జతల ఈతకాళ్ళు. ఇవి మెత్తనివై తెడ్లవలె ఆడుచుండును. వెనుక మూడు కణుపులకు మూడు జతల తన్నుకాళ్ళు. ఇవి బిరుసైన పుల్లలవలె నుండి నేలను తన్ని దేహమును ముందునకు నెట్టును. మూడు జతల ఈతకాళ్ళు, మూడు జతల తన్నుకాళ్ళు అను ఈ గుర్తు మఱియే తెగకును లేదు.

ఆడుదానికి రొమ్ము క్రింద పలుచని రేకులు నాలుగు వైపుల కూడి ఒక సంచి యగును. గ్రుడ్లు అందులోనే పెట్టబడి అందులోనే పొదుగబడును. పిల్ల వెలువడునపుడే తల్లి పోలికతో నుండును. పీత, సముద్రపు రొయ్యల పిల్లలు పుట్టినపుడు వేఱు రూపుతో నుండి నీటిమీద తేలి దూరదేశములకు పోగలవు. ఉభయపాది పిల్లకు ఆ యవకాశము లేదు. తల్లి యున్న చోటనే పిల్లయు నుండును. ఈ సంగతి ముందు మనకు పనికివచ్చును.

మన బావులలోని జాతి

2006లో బోగిడియెల్లా ఇండికా అను క్రొత్త జాతి శాస్త్రలోకమునకు తెలియవచ్చినది. ఇది దొరికినది సముద్రములో గాదు, కొండగుహలో గాదు. ఆగ్నేయ భారతమున, మన తెలుగునాటి బావులలో. నాగార్జున విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రజ్ఞుడు వై. రంగారెడ్డి, అమెరికాలోని ఓల్డ్ డొమీనియన్ విశ్వవిద్యాలయపు హోల్సింగర్, మొరాకో దేశీయుడు మెస్సూలీ కలిసి దీనిని వర్ణించిరి. రంగారెడ్డిగారును వారి శిష్యులును కృష్ణా, గోదావరీ సీమలలో బావులు, బోరుబావులు, ఏటి యిసుక శోధించి ఇట్టి నేలక్రింది ప్రాణులను పెక్కింటిని లోకమునకు చూపినారు.

బోగిడియెల్లా అను ప్రజాతి పేరు 1933లో పుట్టినది. ఆ యేట హెర్ట్‌సోగ్ అను పండితుడు ఫ్రాన్సు దేశమున స్ట్రాస్‌బర్గు ప్రాంతపు భూగర్భజలములో మొదటి జాతిని కనుగొని వర్ణించెను. ఆ కుటుంబపు గుర్తులు ఇవి.

దేహము కొలది మిల్లీమీటర్లు మాత్రమే. నువ్వుగింజ పొడవని యనుకొనవచ్చును. కన్నులు లేవు. రంగు లేదు, లోని ప్రేగు కనబడునంత తెల్లదనము. ప్రక్కలనుండి నొక్కినట్లుండుట తక్కిన బంధువులకంటె తక్కువ. సన్నగ, పొడవుగ, పురుగువలె నుండును. తొడపలకలు పొట్టివి, ఒకదానిపై నొకటి ఎక్కవు. మొదటి పట్టుకాలి చేయి రెండవదానికంటె పెద్దది. ఈతకాళ్ళు క్షీణించినవి, ఒక్కొక్కదానికి ఉండవలసిన రెండు కొమ్మలలో లోపలికొమ్మ లేకుండుటయో, పేరునకు మాత్రమే యుండుటయో సాధారణము. కడపటి తన్నుకాలి రెండు కొమ్మలు మాత్రము పొడవై, ఇంచుమించు సమానముగ వెనుకకు చాగియుండును.

ఈ గుర్తులకు కారణము లేకపోలేదు. కటికచీకటిలో కన్ను వ్యర్థము, రంగును వ్యర్థము. ఇసుకరేణువుల సందులలో, రాతిపగుళ్ళలో దూరవలసిన ప్రాణికి వెడల్పు దేహము అడ్డము. ఈదుటకు తావు లేని చోట ఈతకాళ్ళు క్షీణించుట సహజము. ఏ పనిముట్టు ఏ పనికో దాని రూపమే చెప్పునని మన కమ్మరికిని వడ్రంగికిని తెలియును గదా. ప్రాణియందును అంతే.

పొరబాటు పడకుండుటకు

బావినీటిలో కనబడు ఇతర ప్రాణులను దీనినుండి వేఱుచేయు విధము చెప్పెదము.

దోమపిల్ల: అతుకుల కాళ్ళు లేవు. నీటిపైకి వచ్చి తోకగొట్టముతో గాలి పీల్చి, తల క్రిందుగ వ్రేలాడుచు, కదపినచో మెలికలు తిరుగుచు దిగును.

సైక్లాప్సు: ఆవగింజకంటె చిన్నది, బేరిపండు వలె ముందు లావు, వెనుక సన్నము. తల నడుమ ఒకే కన్ను చుక్కవలె నుండును. ఆడుదానికి తోక కిరుప్రక్కల రెండు గ్రుడ్లసంచులు వ్రేలాడును. గంతులు వేయుచు ఈదును.

చిప్పపురుగు: రెండు చిప్పల నడుమ దాగిన చిన్న చిక్కుడుగింజ వలె నుండును.

రొయ్యపిల్ల: కన్నులు కాడలపై నుండును, తలను రొమ్మును కప్పు పెంకు కలదు.

సమపాది: ఇదియే మిక్కిలి మోసపుచ్చునది. 2011లో విల్సన్, రంగారెడ్డి కలిసి తెలుగునాటి భూగర్భజలమునుండి ఆంధ్రకోయిడిస్ అను క్రొత్త ప్రజాతిని ప్రకటించిరి. ఆంధ్రనామము ధరించిన ఈ ప్రాణియు కన్నులేనిదే. పైకి ఉభయపాదివలెనే తోచును. కాని దీని మొప్పలు రొమ్ముకాళ్ళయొద్ద నుండవు. పొట్ట క్రింది ఐదు జతల కాళ్ళే మొప్పల పని చేయును. తన్నుకాళ్ళు ఒక్క జతయే. కావున సందేహము వచ్చినపుడు వెనుకభాగపు కాళ్ళను లెక్కింపవలెను.

లెక్కింపక పోలికనుబట్టి పేరు పెట్టినచో పండితులును పొరబడుదురు. న్యూజీలాండు దేశీయుడగు ఛార్లెస్ ఛిల్టన్ 1921లో చిలక సరస్సు ఉభయపాదులను వర్ణించుచు ఒకదానిని ఐరోపాలోని గ్రుడ్డి బావిపురుగుల ప్రజాతియగు నిఫార్గసులో చేర్చెను. తరువాతివారు అవయవములను మరల పరీక్షించి, అది వేఱని తేల్చి, దానికి విక్టోరియోపీసా చిల్కెన్సిస్ అను పేరు స్థిరపఱచిరి. ఆ ఛిల్టనే తన యౌవనమున, 1880 తరువాతి యేండ్లలో, ఐర్‌టన్ అను పల్లెలో పంపునుండి వచ్చిన బావినీటిలో కన్నులేని ఉభయపాదులను, ఒక సమపాదిని కనుగొని శాస్త్రమునకు తెలిపినవాడు. మన ఆంధ్రకోయిడిసు ఆ సమపాదికి దూరపు బంధువు. పల్లెటూరి పంపునీరు చూచి ఒక యువకుడు చేసిన పని నేటికిని పండితులు చదువుచున్నారు.

సముద్రమునుండి బావికి

సముద్రపు తెగకు చెందిన ప్రాణి మన బావికి ఎట్లు వచ్చెను? పక్షి కాలికి అంటుకొని వచ్చినదా? పిల్లలు తేలి వచ్చినవా? తల్లి సంచిలోనే పెరుగు పిల్ల తేలి రాదని పైన చెప్పితిమి. ఉప్పునీటిని దాటి పోలేని మంచినీటి ప్రాణి యొక ఖండమునుండి మఱియొక ఖండమునకు పోవుట దుర్లభము. అయినను బోగిడియెల్లా బంధువులు ఐరోపాలో, ఆఫ్రికాలో, అమెరికాలో, మన దేశమున కలరు. కొందఱు నేటికిని సముద్రతీరపు ఇసుకసందులలో నున్నారు. దీనినిబట్టి పండితులు చేయు ఊహ యిది: వీని పూర్వులు సముద్రతీరపు ఇసుకలో వసించిరి, సముద్రము వెనుకకు తగ్గినపుడు కొన్ని నేలనీటిలో చిక్కి, ఉప్పు తగ్గిన కొలది ఆ నీటికి అలవాటుపడి, మరల వెలుపలికి రాలేదు. ఆంధ్రకోయిడిసు వంటి సమపాదుల బంధువులు ఆస్ట్రేలియా, న్యూజీలాండు, దక్షిణాఫ్రికాలలో నుండుట ఆ ఖండములును మనదియు పూర్వము ఏకఖండముగ నుండెనను మాటకు సాక్ష్యము.

అనగా మన బావిలోని నువ్వుగింజంత ప్రాణి వంశము మన రాజవంశములన్నిటికంటె పాతది. అట్టి దానిని ఒక డబ్బా పైరుమందుతో తుడిచివేయుట ఎంత తేలిక!

రైతునకు దీనివలన నేమి?

ఈ ప్రాణి మనుష్యుని కఱవదు, పైరును కొఱుకదు, నారికురుపువంటి పురుగును మోయదు. నేల క్రింది నీటిలోనికి జాఱిన కుళ్ళును, దానిపై పెరుగు సూక్ష్మజీవుల పొరను తిని బ్రదుకును. నేలక్రింది ప్రాణులు సాధారణముగ గ్రుడ్లు కొలదిగ పెట్టి మెల్లగ పెరుగును. కావున ఒకమారు విషము పాలైనచో ఆ వంశము మరల కోలుకొనుటకు చిరకాలము పట్టును.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. కన్నులేని పురుగు కనబడినంత మాత్రమున ఆ నీరు శుద్ధమని తలపరాదు. కలరా, విరేచనముల సూక్ష్మజీవులు కంటికి కనబడవు. కాని బావిలో దోమపిల్లలు, పైనీటి ప్రాణులు క్రిక్కిరిసియున్నచో, పైనుండి వెలుతురును చెత్తయు మురుగును చేరుచున్నదని యెఱుగవలెను.

ఈ మాట బడంగ్‌పేట వంటి యూళ్ళకు మఱింత వర్తించును. ఎల్‌.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరులకు దక్షిణమున నున్న ఈ సీమ గ్రానైటురాతి నేల. పైన మొరము, క్రింద పగుళ్ళు గల రాయి. ఊట యంతయు ఆ మొరములోను పగుళ్ళలోను నిలుచును. పూర్వము పొలములున్న చోట నేడు ఇండ్లు లేచినవి. మోట ఆగిన బావి చెత్తకుప్ప యగుచున్నది. మరుగుగుంట బావి ప్రక్కనే త్రవ్వబడుచున్నది. పగులురాతిలో మురుగు ఒకచోట దిగి మఱియొకచోట తేలును. పాడుబావిలో వేసిన చెత్త ప్రక్క రైతు బోరులోనికి పోవును. బావికిని మరుగుగుంటకును 15 మీటర్ల కంటె తక్కువ దూరము ఉండరాదు.

బావిని శుద్ధిచేయు విధము

త్రాగునీటి బావికి వేయదగినది బ్లీచింగు పొడి మాత్రమే. 1,000 లీటర్ల నీటికి మంచి పొడి 2.5 గ్రాములు సుమారు చాలును. బావి అడ్డుకొలతను దానితోనే హెచ్చవేసి, నీటి లోతుతో హెచ్చవేసి, 3.14తో హెచ్చవేసి, 4తో భాగించినచో ఘనమీటర్లు వచ్చును. ఒక్కొక్కటి 1,000 లీటర్లు. ఉదాహరణకు 3 మీటర్ల అడ్డుకొలత, 4 మీటర్ల నీరు గల బావిలో సుమారు 28,000 లీటర్లుండును. దానికి 70 గ్రాముల పొడి కావలెను. పొడిని బక్కెటులో నీటితో కలిపి, సున్నము అడుగున దిగిన పిమ్మట పైతేటను వేఱొక బక్కెటులోనికి వంచి, దానిని బావినీటిలోనికి దింపి పైకి క్రిందికి ఆడింపవలెను. ఒక గంట గడచినగాని నీరు తోడరాదు. రాత్రి వేసి ఉదయము వాడుట మేలు. మనుష్యుని యారోగ్యము ముందు, పురుగు పిదప. కాని అవసరమునకు మించి వేయుట యెవరికిని మేలు గాదు.

పట్టు విధము

సన్నని మల్లుగుడ్డతో గరాటువలె సంచి కుట్టి, మూతికి ఇనుపకడియము, అడుగున చిన్న సీసా కట్టి, బరువు తగిలించి త్రాటితో బావి అడుగునకు దింపవలెను. అడుగున మూడు నాలుగు మారులు గజమెత్తు లేపి దింపి మడ్డి కదపి మెల్లగ పైకి లాగవలెను. బోరుబావియైనచో గొట్టపు మూతికి అదే సంచిని కొంతసేపు కట్టవలెను. దొరికినదానిని తెల్లపళ్ళెములో పోసి భూతద్దముతో చూచి, పైన చెప్పిన లెక్కలు సరిచూడవలెను. ఉభయపాది యని తోచినచో స్పిరిటు పోసిన సీసాలో వేసి, ఊరు, బావి లోతు, తేదీ పెన్సిలుతో వ్రాసిన చీటీని లోపలనే యుంచవలెను. హైదరాబాదు అత్తాపురములో భారత జంతుపరిశోధన సంస్థవారి మంచినీటి జీవశాస్త్ర కేంద్రము కలదు. విశ్వవిద్యాలయములలో జంతుశాస్త్ర శాఖలు కలవు. సీసాను అట్టి చోటికి చేర్చినచో పేరు తెలియును.

ఒక సంఘములోని సభ్యులు విత్తనములను, ఎరువులను కలిసి తెచ్చుకొందురు. నేల క్రింది నీరును అట్లే ఉమ్మడి సొత్తు. దానికి గట్టు లేదు, సర్వే రాయి లేదు. ఒకరి బావిలో పడినది పదిమంది బావులకు చేరును. మీ గ్రామ సంఘము ఈ వేసవిలో ఒక్క వల కుట్టించి, ఒక్క భూతద్దము కొని, ఊరి బావులను ఒక్కమారు చూచిన బాగుండునని మా కోరిక. పాడుబావిలో చెత్త వేయరాదని అదే సభలో తీర్మానించినచో మఱింత బాగుండును.